బస్తా మీది బొమ్మ ఎవరి సొత్తు?

పేరు, ముద్ర, ఊరి కీర్తి, విత్తనం - వీటిపై చట్టం ఇచ్చే హక్కులు

(వాణిజ్య విలేకరి)

గుంటూరు మిర్చి యార్డులోనైనా, నిజామాబాద్ పసుపు మార్కెట్టులోనైనా, మిర్యాలగూడ బియ్యం మిల్లుల దగ్గరైనా సరకు ధరను తేల్చేవి నాణ్యత, తేమ, రాబడి, గిరాకీ. తాలు ఎంత, రంగు ఎంత, నూక ఎంత అని చేత్తో పట్టి చూసి బేరం కుదుర్చుకోవటం తరతరాల పద్ధతి. కాని అదే సరకు శుభ్రపడి, సంచికెక్కి, చిల్లర కొట్టుకు చేరేసరికి ధరలో మరొక పద్దు చేరుతుంది. అది పేరు. ఒకే మిల్లులో ఒకే రోజున ఆడిన బియ్యం రెండు రకాల సంచుల్లో రెండు ధరలకు పోవటం వర్తకులకు తెలియని విషయం కాదు.

గిడ్డంగిలోని నిల్వను, బజారులోని బాకీలను, మిల్లు యంత్రాలను ఖాతాలో పైసలతో సహా చూపే వ్యాపారస్థుడు ఈ పేరును మాత్రం ఏ పద్దు కిందా రాయడు. పక్క జిల్లాలో ఎవరో అదే బొమ్మతో సంచులు కుట్టించి నాసిరకం సరకు నింపి వదిలినప్పుడు గాని దాని విలువ ఎంతో తెలిసిరాదు. అప్పటికి తిరిగివచ్చిన బస్తాలు, నిలిచిపోయిన ఆర్డర్లు నష్టాల పద్దులో కూర్చుంటాయి.

ఇటువంటి వాటినే చట్టం మేధో సంపత్తి అంటున్నది. చేత్తో పట్టుకోవటానికి వీలులేని ఆస్తులివి. అయినా వీటిలో చాలావాటిని అమ్మవచ్చు, ప్రతిఫలం తీసుకుని వాడుకోనివ్వవచ్చు, వారసులకు ఒప్పగించవచ్చు. వీటి పేరు చెప్పగానే మందుల కంపెనీలు, సినిమాలు గుర్తుకు రావటం సహజమే. కాని బియ్యం, పప్పు, మిర్చి, పసుపు, పత్తి వర్తకాలలో ఈ హక్కుల పాత్ర ఏ మందుల కంపెనీకీ తీసిపోదు.

2017 నేర్పిన పాఠం

ట్రేడ్ మార్కుకు, కోర్టు ద్వారా రాబట్టుకోగల హక్కుకు గల సంబంధం బియ్యం, పప్పుల వర్తకులకు మొదటిసారి గట్టిగా తెలిసివచ్చింది న్యాయస్థానంలో కాదు, పన్నుల కార్యాలయంలో.

2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు, రిజిస్టరు అయిన బ్రాండు పేరుతో సంచికెక్కించి అమ్మే ధాన్యాలు, పప్పులు, పిండ్లపై 5 శాతం పన్ను పడింది. రిజిస్టరు కాని పేర్లకు పన్ను లేదు. దానితో, అప్పటిదాకా రిజిస్ట్రేషన్ గౌరవమనుకున్న వారు కొందరు దానిని రద్దు చేయించుకోవటానికి పరుగులు తీశారు.

ఈ సందు పూడ్చటానికి అదే సంవత్సరం సెప్టెంబరు 9న హైదరాబాద్‌లో సమావేశమైన వస్తుసేవల పన్ను మండలి ఒక నిర్ణయం తీసుకున్నది. 2017 మే 15 నాటికి రిజిస్టరు అయి ఉన్న బ్రాండును ఆ తరువాత రద్దు చేయించుకున్నా పన్ను తప్పదన్నది. అంతటితో ఆగలేదు. రిజిస్టరు కాకపోయినా, ఇతరులు వాడితే దావా వేయదగిన హక్కు ఉన్న పేరుకు కూడా పన్ను వర్తింపజేసింది. పన్ను వద్దనుకునేవారు ఆ హక్కును స్వచ్ఛందంగా వదులుకుంటున్నట్లు కమిషనరుకు అఫిడవిట్ ఇవ్వాలి. అంతేకాక, ఆ సంగతి ప్రతి సంచిమీద చెరగని సిరాతో ఇంగ్లీషులోను, స్థానిక భాషలోను అచ్చువేయాలి.

అంటే, ఈ పేరు నాది, కాని దీనిని ఎవరు వాడినా నేను అడగను అని వర్తకుడు తన సంచిమీద తానే రాసుకోవలసి వచ్చింది. కిలోకు మిగిలే పన్ను ఎంత, వదులుకునే పేరు విలువ ఎంత అన్న లెక్క ప్రతి కొట్టులోను వేయవలసి వచ్చింది. పోటీ గట్టిగా ఉన్న బజారులో 5 శాతం తక్కువేమీ కాదు. పేరు వదిలితే రేపు దాన్ని ఎవడైనా ఎత్తుకుపోవచ్చు.

2022 జూలై 18 నుండి ఈ విధానం మారింది. బ్రాండు ఉందా లేదా అన్న ప్రశ్న పోయి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన సరకా కాదా అన్నది పన్నుకు కొలమానమైంది. ధాన్యాలు, పప్పులు, పిండ్లకు 25 కిలోల పరిమితి పెట్టారు. దీనితో పేరును వదులుకోవటం వలన కలిగే పన్ను లాభం పోయింది. కాని అయిదేళ్ళ క్రితం ఇచ్చిన అఫిడవిట్లు ఫైళ్ళలో ఉన్నాయి. ఆ పేరుతోనే వ్యాపారం సాగిస్తున్నవారు, ఆనాటి కాగితాన్ని రేపు ప్రత్యర్థి కోర్టులో చూపే అవకాశం ఉన్నదని గుర్తించి, న్యాయవాదితో ఒకసారి మాట్లాడుకోవటం మంచిది.

ముద్రకు చట్టం ఇచ్చే రక్షణ

వ్యాపార చిహ్నాలకు వర్తించే శాసనం 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం. ఇది 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. పేరు, బొమ్మ, అక్షరాల కూర్పు, లేబులు, రంగుల కలయిక - ఒకరి సరకును మరొకరి సరకునుండి వేరుచేసి చూపగలిగినది ఏదైనా ట్రేడ్ మార్కు కాగలదు. రిజిస్ట్రేషన్ 10 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత ప్రతి పదేళ్ళకు రుసుము కట్టి పొడిగించుకుంటూ పోతే ఈ హక్కుకు అంతం లేదు. పేటెంటుకు లేని సౌకర్యం ఇది.

సరకులను, సేవలను 45 తరగతులుగా విభజించారు. బియ్యం, పిండ్లు, కారం, పసుపు పొడి 30వ తరగతిలోను, వంట నూనెలు, పచ్చళ్ళు 29లోను, ముడి ధాన్యాలు, విత్తనాలు 31లోను వస్తాయి. బియ్యానికి రిజిస్టరు చేయించుకుని, తరువాత అదే పేరుతో నూనె అమ్మటం మొదలుపెట్టిన వ్యాపారస్థుడు నూనె తరగతికి విడిగా దరఖాస్తు పెట్టుకోవలసి ఉంటుంది. 2017 నిబంధనల ప్రకారం ఆన్‌లైనులో దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి వ్యక్తులకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, ఇతరులకు 9,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు చెన్నై కార్యాలయం. దరఖాస్తు పరిశీలన ముగిసి ట్రేడ్ మార్కుల పత్రికలో ప్రకటించిన తరువాత అభ్యంతరాలకు నాలుగు నెలల గడువుంటుంది.

అన్ని పేర్లకూ రిజిస్ట్రేషన్ దొరకదు. సరకు గుణాన్ని మాత్రమే చెప్పే మాటలు - స్పెషల్, సూపర్ ఫైన్, నంబర్ వన్ వంటివి - అందరివీ. పండిన ఊరి పేరు కూడా అంతే. ఏళ్ళ తరబడి వాడకం వలన ఆ మాట వినగానే ఒక్క వర్తకుడి సరకే గుర్తుకు వస్తుందని రుజువు చేయగలిగితే తప్ప అటువంటివి ఒకరికి దక్కవు. దేవుళ్ళ పేర్లు, పుణ్యగ్రంథాల పేర్లు పెట్టుకునే అలవాటు మన బజారులో ఎక్కువ. అగరువత్తులకు 'రామాయణ్' అన్న పేరు విషయంలో 2015లో సుప్రీంకోర్టు, పవిత్ర గ్రంథం పేరును దానికదిగా ఏ ఒక్కరూ గుత్తకు తీసుకోలేరని తేల్చింది. అందువలన భక్తితో పెట్టుకున్న పేరుకు వ్యాపార రక్షణ బలహీనంగా ఉంటుంది. దానికి మరేదైనా ప్రత్యేకమైన మాటో, చిత్రమో జోడించటం వివేకం.

రిజిస్టరు చేయించుకోనివారికి అసలు దిక్కు లేదనుకోవటం పొరపాటు. ఒకరి సరకును మరొకరి సరకుగా చెలామణి చేయటాన్ని న్యాయ పరిభాషలో 'పాసింగ్ ఆఫ్' అంటారు. దీనిపై రిజిస్ట్రేషన్ లేకపోయినా దావా వేయవచ్చు. అయితే పేరుకు మంచి ప్రచారం ఉన్నదనీ, ప్రతివాది చర్యవలన జనం మోసపోతున్నారనీ, నష్టం కలుగుతున్నదనీ వాది రుజువు చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఉంటే ఈ భారం చాలా తగ్గుతుంది. కాగా, ముందుగా రిజిస్టరు చేసుకున్నవాడే గెలుస్తాడని కూడా లేదు. అంతకుముందు నుండే ఆ గుర్తును ఎడతెగకుండా వాడుతున్నవాడిని రిజిస్ట్రేషన్ చూపి ఆపటానికి వీలులేదని చట్టమే చెబుతున్నది. పాత బిల్లులు, సంచులు అచ్చువేయించిన రశీదులు, పత్రికా ప్రకటనల నకళ్ళు భద్రపరచుకున్న వర్తకుడికి ఇక్కడే వాటి ఫలం దక్కుతుంది.

పోలిక అంటే ఎంత పోలిక?

రెండు ముద్రలను బల్లమీద పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టటం కోర్టు పద్ధతి కాదు. కొనేవాడి చేతిలో రెండు సంచులూ ఒకేసారి ఉండవు. నెల క్రితం చూసిన దాని జ్ఞాపకంతో నేడు కొంటాడు. ఆ జ్ఞాపకం ఎప్పుడూ అసంపూర్ణమే.

1972లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన బిస్కట్ల కేసు ఇందుకు మంచి ఉదాహరణ. ముంబయికి చెందిన పార్లే కంపెనీ పొట్లంమీద పల్లెటూరి పెరడు, మధ్యలో ఒక అమ్మాయి, ఆవులు, కోళ్ళు ఉన్నాయి. మైసూరుకు చెందిన ప్రతివాది పొట్లంమీద కూడా అమ్మాయి, ఆవు, కోళ్ళే. అమ్మాయి చేతిలో ఉన్నది వేరు, పేరు వేరు. అయినా ముఖ్య లక్షణాలు కలిసినవనీ, ఒక రోజు ఒక పొట్లం చూసినవారు మరొక రోజు రెండవది చూస్తే అదే అనుకునే వీలున్నదనీ సుప్రీంకోర్టు భావించి పార్లే వాదనను ఆమోదించింది. బియ్యం విషయానికి వస్తే, 'ఇండియా గేట్' పేరు ఉండగా 'భారత్ గేట్' అని పెట్టుకోవటాన్ని 2025లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి తప్పుపట్టింది. ఒక మాట మార్చినంత మాత్రాన భావం మారదన్నమాట.

మౌనానికి మూల్యం

హక్కు ఉండటం ఒక ఎత్తు. దానిని సకాలంలో వినియోగించుకోవటం మరొక ఎత్తు. 'అమృతధార' మందు కేసు వర్తకులందరూ తెలుసుకోదగినది. ఆ మందు అమ్మకం 20వ శతాబ్దం తొలినాళ్ళలో మొదలైంది. 1923 నుండి ఉత్తర ప్రదేశంలో మరొకరు అదే బాధలకు 'లక్ష్మణధార' అనే మందు అమ్మసాగారు. 1950లో ఆయన రిజిస్ట్రేషన్ కోరినప్పుడు అమృతధార వారు అడ్డుపడ్డారు.

1962లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రెండు వైపులా పదునైనది. రెండు పేర్లూ సామాన్యుడిని తికమకపెట్టేంత దగ్గరగా ఉన్నాయన్నది. అంతవరకు అమృతధార వారిదే గెలుపు. కాని ఇన్నేళ్ళుగా ఎదుటివారు బాహాటంగా అమ్ముతున్నా తెలిసి ఊరుకున్నారు కనుక, లక్ష్మణధార పేరును ఉత్తర ప్రదేశ్ వరకు రిజిస్టరు చేయటం సబబే అన్నది. పేరు పోలిక రుజువైనా మౌనం వలన ఒక రాష్ట్రం బజారు చేజారింది. ఇప్పటి చట్టం కూడా తన ముద్రకు దగ్గరగా ఉన్న మరొక రిజిస్టరు ముద్ర వాడకాన్ని తెలిసి ఉండి వరుసగా అయిదేళ్ళు సహించినవాడికి, అవతలివారిది దురుద్దేశం కానంతవరకు, అడ్డుచెప్పే హక్కు ఉండదంటున్నది.

మన బజారులో ఇటువంటి మౌనానికి కారణాలు తెలిసినవే. అవతలివాడు బంధువు కావచ్చు, ఒకప్పటి గుమాస్తా కావచ్చు, బాకీ ఉన్న ఏజెంటు కావచ్చు. మొహమాటంతో మొదటి సంవత్సరం గడిచిపోతుంది. అటువంటప్పుడు కనీసం ఒక లిఖితపూర్వక నోటీసయినా ఇచ్చి ఉంచటం అవసరం.

అన్నదమ్ములు విడిపోతే

బజారు పేచీలలో పెద్దవి బయటివారితో వచ్చేవి కావు, ఇంటిలోనుండి వచ్చేవి. ఉదాహరణకు తండ్రి హయాంలో 'కొంగ మార్కు' బియ్యం పేరుకెక్కిందనుకుందాం. కొడుకులు విడిపోయినప్పుడు మిల్లు ఒకరికి, గిడ్డంగి ఒకరికి, రొక్కం ఒకరికి పంచుకుంటారు. కొంగ ఎవరికి వచ్చిందో కాగితంలో ఉండదు. మరుసటి సీజనులో ముగ్గురూ కొంగ సంచులే కుట్టిస్తారు. కొనేవాడికి ఏది అసలో తెలియదు. మూడేళ్ళలో ఆ పేరుకున్న పరువు ముగ్గురికీ కాకుండా పోతుంది.

ట్రేడ్ మార్కు బదిలీ లిఖితపూర్వకంగానే జరగాలని చట్టం. కాబట్టి మార్కు రిజిస్ట్రేషన్ వ్యక్తి పేరున ఉన్నదా, భాగస్వామ్య సంస్థ పేరున ఉన్నదా అన్నది ముందు చూసుకోవాలి. పంపకాల దస్తావేజులోను, భాగస్వామ్య రద్దు పత్రంలోను ముద్ర ఎవరికి చెందినదో, మిగిలినవారు ఎప్పటినుండి మానుకోవాలో స్పష్టంగా రాసుకోవాలి.

ఊరి పేరు ఒకరిది కాదు

వ్యాపారి ముద్ర ఒక రకం. ఊరి కీర్తి వేరొక రకం. ఒక ప్రాంతపు నేల, వాతావరణం, అక్కడివారి పనితనం వలన సరకుకు వచ్చిన పేరుకు రక్షణ ఇచ్చేది భౌగోళిక సూచికల చట్టం. దీనినే క్లుప్తంగా జి.ఐ. అంటున్నారు. 1999లో పార్లమెంటు ఆమోదించిన ఈ చట్టం కూడా 2003 సెప్టెంబరు 15నే అమలులోకి వచ్చింది. దేశమంతటికీ రిజిస్ట్రీ చెన్నైలో ఉన్నది. మొదట నమోదైనది డార్జిలింగ్ టీ.

తెలుగు ప్రాంతాల సరకులు ఈ జాబితాలో చెప్పుకోదగినన్ని ఉన్నాయి. గుంటూరు సన్నం మిర్చి స్పైసెస్ బోర్డు ద్వారా నమోదైంది. బనగానపల్లె మామిడి 2017లోను, అరకు కాఫీ 2019లోను, తాండూరు కంది 2022లోను, వరంగల్ చపాటా మిర్చి 2025లోను చేరాయి. పసుపులో మాత్రం ఈరోడ్, సాంగ్లీ ముందే నమోదై ఉన్నాయి.

జి.ఐ.కి, ట్రేడ్ మార్కుకు వర్తకుడి దృష్టిలో ముఖ్యమైన తేడా ఒకటున్నది. ట్రేడ్ మార్కును అమ్మవచ్చు, లైసెన్సుకు ఇవ్వవచ్చు. జి.ఐ.ని అమ్మటానికి గాని, లైసెన్సుకివ్వటానికి గాని, తాకట్టు పెట్టటానికి గాని చట్టం ఒప్పుకోదు. అది ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరి ఉమ్మడి ఆస్తి. నమోదు చేయించిన సంస్థ దానికి కాపలాదారు వంటిది.

అట్లాగని వర్తకుడికి ఇందులో చోటు లేదనుకోరాదు. వ్యవసాయ సరకుల విషయంలో ఉత్పత్తిదారు అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థంలో పండించే రైతుతో పాటు దానిని శుద్ధిచేసేవారు, ప్యాక్ చేసేవారు, దానితో వర్తకం చేసేవారు కూడా వస్తారు. అటువంటివారు అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవచ్చు. ఈ నమోదు దరఖాస్తు రుసుమును 2020లో 500 రూపాయల నుండి 10 రూపాయలకు తగ్గించారు. అసలు గుంటూరు సన్నమే అమ్ముతున్న ప్యాకింగుదారుకు ఇది లాభించే పని.

దీనికి మరొక పక్క కూడా చూడాలి. బ్యాడిగి మిర్చి 2011లో కర్ణాటక పేరున నమోదైంది. తెలుగు జిల్లాల యార్డులలో 'బాడిగ' అన్న పేరుతో లావాదేవీలు సాగుతూనే ఉన్నాయి. యార్డులో రకాన్ని పోల్చుకోవటానికి ఒక పేరు పలకటం వేరు. అదే పేరును కారం ప్యాకెట్టుపై అచ్చువేసి, కర్ణాటకలో పండిన అసలు సరకన్న భావన కొనేవాడికి కలిగించటం వేరు. రెండవది పేచీకి తావిస్తుంది. జి.ఐ. పేరును బూటకంగా వాడినట్లు రుజువైతే ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా శిక్షలుగా చట్టంలో ఉన్నాయి.

పసుపు, బాస్మతి పాఠాలు

పేటెంటు కొత్త కల్పనకు ఇచ్చే హక్కు. దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరాలు. ఆ తరువాత అందరి సొత్తు. కల్పన నిజంగా కొత్తది కావాలి, ఆ పనిలో నేర్పరి అయినవాడికి సులువుగా తట్టేది కాకూడదు, ఉపయోగానికి రావాలి.

కొత్తది అన్న ఆ ఒక్క షరతు మీద పసుపు కేసు తిరిగింది. గాయాలు మానటానికి పసుపు వాడే పద్ధతిపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు లభించింది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి దీనిని సవాలు చేసింది. ఇంటింటా తెలిసిన సంగతే అని చెబితే చాలలేదు, కాగితం చూపవలసి వచ్చింది. సంస్కృత గ్రంథాలు మొదలు 1953 నాటి వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం దాకా 32 ఆధారాలు సమర్పించగా 1997లో ఆ పేటెంటు రద్దయింది. బజారులో పసుపు ధరపై దీని ప్రభావం ఎంత అన్నది కాదు ప్రశ్న. రాసిపెట్టని జ్ఞానానికి పరదేశపు కార్యాలయంలో సాక్ష్యం లేదన్నదే అసలు పాఠం.

బాస్మతి విషయంలో పోరు మరింత సూటిగా వ్యాపారానికి సంబంధించినది. 1997 సెప్టెంబరులో టెక్సాస్‌కు చెందిన రైస్‌టెక్ కంపెనీకి బాస్మతి వరి వంగడాలు, గింజలపై 20 అంశాలతో అమెరికన్ పేటెంటు వచ్చింది. భారత ఎగుమతుల సంస్థ అపెడా 2000లో సవాలు చేసింది. కంపెనీ కొన్ని అంశాలను తానే ఉపసంహరించుకున్నది. 2001 నాటికి, తాను రూపొందించిన ప్రత్యేక వంగడాలకు సంబంధించిన అయిదు అంశాలు మాత్రమే దానికి మిగిలాయి. పేటెంటు శీర్షికలో బాస్మతి మాటే లేకుండా పోయింది. మన దేశంలో బాస్మతికి జి.ఐ. నమోదు 2016లో జరిగింది. వచ్చినవారిని ఎదుర్కొన్న తరువాత గాని సొంత రిజిస్ట్రేషను పూర్తికాలేదన్నమాట.

విత్తనం మీద హక్కు

మన పేటెంటు చట్టం మొక్కలకు, విత్తనాలకు, వంగడాలకు పేటెంటు ఇవ్వదు. వాటికోసం 2001లో ప్రత్యేకంగా మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం చేశారు. కొత్త వంగడం రూపొందించినవారికి పంటలలో 15 ఏళ్ళు, చెట్లు, తీగలలో 18 ఏళ్ళు రక్షణ ఉంటుంది. అయితే రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్పిడి చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు వేసి ప్యాకెట్టుగా అమ్మటానికి మాత్రం వీలులేదు. ఈ గీత రైతుకే గాని విత్తన వర్తకుడికి వర్తించదు. రక్షిత వంగడం విత్తనాన్ని అనుమతి లేకుండా సంచికెక్కించి అమ్మే డీలరు రైతుల మినహాయింపు చాటున దాక్కోలేడు.

ఈ చట్టం ఎంత వివాదాస్పదమో గుజరాత్ బంగాళాదుంపల వ్యవహారం చూపింది. చిప్స్‌కు వాడే రక్షిత రకాన్ని అనుమతి లేకుండా సాగుచేశారంటూ 2019లో పెప్సికో కంపెనీ కొందరు రైతులపై దావాలు వేసింది. కొన్నింటిలో కోటి రూపాయలకు పైగా పరిహారం అడిగింది. ఆందోళనలు చెలరేగటంతో ఆ సంవత్సరమే ఉపసంహరించుకున్నది. 2021లో ఆ రకం రిజిస్ట్రేషనే రద్దయింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి కంపెనీ అప్పీలును అనుమతించింది.

పత్తి వర్తకులకు బి.టి. విత్తన వివాదం సుపరిచితమే. హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్‌కు, మోన్సాంటోకు మధ్య వచ్చిన పేటెంటు తగాదాలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2018లో పేటెంటు చెల్లదన్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, పూర్తి విచారణకు వెనక్కి పంపింది. 2021లో ఉభయులూ రాజీపడ్డారు. ఈలోగా కేంద్రం విత్తన ప్యాకెట్టు ధరలో కలిసే సాంకేతిక రుసుమును 2016లో 49 రూపాయలుగా నిర్ణయించి, క్రమంగా తగ్గిస్తూ 2020లో పూర్తిగా తొలగించింది. హక్కు ఉన్నదా లేదా అన్న దానితో పాటు దాని ధర ఎంత ఉండవచ్చునన్నది కూడా ప్రభుత్వం చేతిలో ఉండగలదని దీనివలన తేలింది.

చిత్రకారుడి సంగతి

సంచి మీది బొమ్మ గీసినవాడికి కాపీరైటు ఉంటుంది. ఇది గీసిన క్షణం నుండే పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత లేక చిత్రకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. సంచులు అచ్చువేసే ప్రెస్సు ఆర్టిస్టుతో బొమ్మ గీయించుకున్నవారు ఆ హక్కును తమకు రాసి ఇచ్చే కాగితం తీసుకోకపోతే, అదే బొమ్మ కొద్ది మార్పులతో మరొకరి సంచిపై ప్రత్యక్షమైనప్పుడు చిక్కు వస్తుంది. ఇక పచ్చడి పాళ్ళు, మసాలా మేళవింపు వంటి రహస్యాలకు మన దేశంలో విడిగా చట్టం లేదు. పనివారితో, సరఫరాదారులతో రాసుకున్న ఒప్పందాలే రక్ష.

కొట్టువాడి బాధ్యత

సరకు తయారుచేయని ఏజెంటు, చిల్లర వర్తకుడు తమకు ఈ గొడవలతో నిమిత్తం లేదనుకోరాదు. దొంగ ముద్ర ఉన్న సరకును అమ్మినా, అమ్మకానికి దగ్గర ఉంచుకున్నా నేరమే. తగిన జాగ్రత్తలు తీసుకున్నానని, అనుమానించటానికి కారణం లేదని, సరకు ఎవరి దగ్గర కొన్నదీ అడిగినప్పుడు తెలిపానని రుజువు చేసుకోగలిగినవాడికే మినహాయింపు. బిల్లు లేకుండా చౌకగా దొరికిన పేరున్న సరకు ఆ విధంగా ఖరీదైనది కాగలదు.

చివరగా, ఈ సీజనులోనే చేసుకోదగిన పనులు కొన్ని ఉన్నాయి. సంచులు అచ్చుకు ఇచ్చేముందు ఆ పేరు మరొకరిదేమో ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతికి చూసుకోవాలి. దీనికి రుసుము లేదు. రిజిస్ట్రేషన్ పూర్తికాక ముందు వలయంలో ఆర్ అక్షరం అచ్చువేయటం చట్టవిరుద్ధం. అంతవరకు టి.ఎం. అని మాత్రమే వేసుకోవాలి. రిజిస్టరు అయినవారు పదేళ్ళ గడువు ఎప్పుడు ముగుస్తున్నదో హుండీ గడువు గుర్తుపెట్టుకున్నంత జాగ్రత్తగా రాసి ఉంచుకోవాలి. వరుసగా అయిదేళ్ళు వాడకుండా వదిలేసిన ముద్రను రద్దు చేయమని ఇతరులు కోరవచ్చు. పేరు తొలిసారి వాడిన నాటి బిల్లులను పాత ఖాతాలతో పాటు చిత్తుకాగితాల కింద అమ్మివేయరాదు.

ధరలు లేస్తాయి, పడతాయి. ఒక సంవత్సరం మిర్చిలో పోయినది మరుసటి సంవత్సరం పసుపులో రావచ్చు. పేరు ఒకసారి చేజారితే ఏ సీజనులోనూ తిరిగి రాదు.